బ్యాక్‌స్టేని కోసే ముందు: పడవ రిగ్గింగ్‌నే హెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నాగా చేసుకోవడం

తెరచాప పడవలో రేడియో పెట్టుకోవాలనుకునే మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. మాస్టుని, అంటే తెరచాప స్తంభాన్ని, వెనక నుంచి పట్టి ఉంచే బ్యాక్‌స్టే అనే స్టీలు తీగనే యాంటెన్నాగా వాడొచ్చంట కదా, ఎలా చేయాలి అని. వాడొచ్చు, చాలా బాగా పనిచేస్తుంది, మేరీల్యాండ్‌లో చెసపీక్ బే మీద ఉన్న నా 37 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవలో ఏడేళ్లుగా నేను అదే వాడుతున్నాను. కాకపోతే ఈ పనిలో అందరూ డబ్బు, శ్రద్ధ అంతా పైన కనిపించే తీగ మీదే పెడతారు, కింద కనిపించని రాగిని పట్టించుకోరు. నేనూ అలాగే చేశాను, దాంతో మొదటి సీజన్ మొత్తం నేను అందరినీ వింటున్నాను గాని నా మాట ఎవరికీ సరిగా అందలేదు. అందుకని నా సలహా ఒక్కటే, పనిని తిరగేసి చేయండి. ముందు మామూలు తీగతో చూడండి, ఆ తర్వాత కింది రాగిని, అంటే గ్రౌండ్‌ని, సరిచేయండి, అన్నీ కుదిరాయని నమ్మకం కలిగాకే స్టే మీద రంపం పెట్టండి.

మొదట ఒక సందేహం తీర్చేస్తాను. పడవలో ఉండే మామూలు వీహెచ్‌ఎఫ్ రేడియోకి ఈ పద్ధతి పనికిరాదు. వీహెచ్‌ఎఫ్ 156 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, అక్కడ తరంగం పొడవు రెండు మీటర్లు కూడా ఉండదు, పైగా అది దాదాపు కంటిచూపు దారిలోనే పోతుంది కాబట్టి యాంటెన్నా మాస్టు కొసన ఉండాలి. లెక్క తేలిక: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 2.2తో గుణిస్తే నాటికల్ మైళ్లలో దూరం వస్తుంది. 16 మీటర్ల మాస్టుకి 9 మైళ్లు, ఎదుటి పడవదీ అంతే ఎత్తయితే ఇద్దరికీ మధ్య 18 మైళ్లు. అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. మనం ఇక్కడ మాట్లాడేది 2 నుంచి 26 మెగాహెర్ట్జ్ దాకా ఉండే ఎంఎఫ్, హెచ్‌ఎఫ్ ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) రేడియో గురించి. ఈ తరంగాలు ఆకాశంలోని అయనోస్ఫియర్‌కి తగిలి మళ్లీ కిందికి వస్తాయి, వేల మైళ్లు పోతాయి, మధ్యలో శాటిలైటూ అక్కర్లేదు, నెలనెలా బిల్లూ అక్కర్లేదు.

ఇంటర్నెట్ డిష్ పడవ మీదికి వచ్చేశాక ఇదంతా ఎందుకని అడుగుతారు. నా పడవలోనూ డిష్ ఉంది. అయినా రేడియోలో ఒక మాట అంటే ఆ ఫ్రీక్వెన్సీ మీద ఉన్న అందరూ ఒకేసారి వింటారు, అది ఫోన్‌తో జరగదు. నాలుగు వందల మైళ్ల అవతల ఉన్న ఇంకో పడవవాడు, మీకు వాడి నంబరు తెలియకపోయినా, "ఇక్కడ గాలి తిరిగింది, జాగ్రత్త" అని చెప్పగలడు. వాతావరణ పటాలు ఉచితంగా గాలిలోనే వస్తున్నాయి. నాకు ఇది రెండో ఊపిరి లాంటిది, అందుకే దీని గురించి ఇంత పొడవుగా రాస్తున్నాను.

తీగ పొడవు

హెచ్‌ఎఫ్‌కి పొడవాటి తీగ కావాలి. 4 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగమే 17, 18 మీటర్లు అవుతుంది. పడవ మీద అంత పొడుగ్గా, అంత ఎత్తుగా, నిటారుకు దగ్గరగా ఉండే తీగ ఏదైనా ఉందంటే అది మాస్టు కొస నుంచి పడవ వెనక చివరకి దిగే బ్యాక్‌స్టే ఒక్కటే. దాన్ని పైన ఒకచోట, కింద ఒకచోట కోసి, బలమైన ఇన్సులేటర్లు వేస్తే మధ్యలో మిగిలిన ముక్క మిగతా లోహం నుంచి విడిపోతుంది. ఆ ముక్కకి కింది నుంచి రేడియో శక్తిని ఎక్కిస్తాం. స్టెయిన్‌లెస్ స్టీలు రాగి అంత మంచి వాహకం కాదు, నిజమే, కానీ స్టే లావుగా ఉంటుంది కాబట్టి ఆ నష్టం ఇక్కడ లెక్కలోకి రాదు.

ఒకే తీగ 2 మెగాహెర్ట్జ్‌కీ 22 మెగాహెర్ట్జ్‌కీ ఎలా సరిపోతుందంటే, సరిపోదు, సరిపెట్టేది ఆటోమేటిక్ ట్యూనర్. ఐకామ్ ఏటీ-140, ఎస్‌జీసీ ఎస్‌జీ-230 లాంటివి ఈ పని కోసమే చేసినవి. మీరు మైక్ నొక్కగానే లోపల రిలేలు టకటకమని కాయిళ్లనీ కెపాసిటర్లనీ మార్చుకుంటూ, ఉన్న తీగని రేడియోకి 50 ఓమ్‌లుగా కనిపించేలా చేస్తాయి. తీగ కనీసం 7 మీటర్లు ఉంటే ఇవి పనిచేస్తాయి, 10 దాటితే కింది బ్యాండ్లలో ఇంకా హాయిగా పనిచేస్తాయి.

అయితే ట్యూనర్‌కి అస్సలు నచ్చని పొడవులు కొన్ని ఉన్నాయి. తీగ సరిగ్గా సగం తరంగం పొడవుంటే, లేదా దానికి రెట్టింపు ఉంటే, కింది చివర వోల్టేజీ విపరీతంగా పెరిగిపోతుంది, ట్యూనర్ చేతులెత్తేస్తుంది, ఒక్కోసారి లోపల మెరుపు కొడుతుంది. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే సగం తరంగం ఎన్ని మీటర్లో సుమారుగా తెలుస్తుంది. 12,290 కిలోహెర్ట్జ్ ఆపద ఫ్రీక్వెన్సీకి అది 11.6 మీటర్లు. 8,291కి 17.2 మీటర్లు. హామ్‌లు, అంటే లైసెన్స్ తీసుకుని సరదాగా రేడియో నడిపేవాళ్లు, పడవల కోసం నడిపే 14.300 మెగాహెర్ట్జ్ నెట్‌కి 10 మీటర్లు. కాబట్టి ఈ మూడు పొడవులకీ దూరంగా ఉండండి. ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం, ట్యూనర్ నుంచి స్టే దాకా వెళ్లే తీగ కూడా యాంటెన్నాయే, దాన్నీ కలిపే లెక్కపెట్టాలి. నా పడవలో రెండు ఇన్సులేటర్ల మధ్య 11.5 మీటర్లు, కింది తీగ 2 మీటర్లు, మొత్తం 13.5. సగం తరంగం 10.6 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది, అక్కడ సముద్రపు బ్యాండ్ లేదు. దాని రెట్టింపు 21.2 దగ్గర, అంటే హామ్‌ల 15 మీటర్ల బ్యాండ్‌లో పడుతుంది, అక్కడ ట్యూనర్ కొంచెం తడబడుతుంది, నాకు ఆ బ్యాండ్ అవసరం తక్కువ కాబట్టి వదిలేశాను. మీ అవసరాలు చూసుకుని, కాగితం మీద లెక్క వేసుకుని, ఆ తర్వాతే రిగ్గర్‌తో, అంటే మాస్టు తీగల పని చేసే మనిషితో, మాట్లాడండి.

కోత లేకుండా మొదటి ప్రయత్నం

ఒక శనివారం చాలు. సుమారు 2.5 చదరపు మిల్లీమీటర్ల, పోగులు పోగులుగా ఉండే, తగరం పూసిన రాగి తీగ తీసుకోండి, పైన తొడుగు ఉన్నదే. మీరు అనుకున్న పొడవుకి కోసి, పై కొసకి ఒక మీటరు సన్నటి పాలియెస్టర్ తాడు కట్టి, ఆ తాడుని ఖాళీగా ఉన్న హాల్యార్డ్‌కి, అంటే తెరచాపని పైకి లాగే తాడుకి, ముడివేసి మాస్టు పైకి లాగండి. హాల్యార్డ్‌లో స్టీలు తీగ ఉంటే తాడు ముక్క ఇంకొంచెం పొడుగ్గా ఉండాలి. కింది కొసని పడవ వెనక మూలకి తెచ్చి ట్యూనర్‌కి కలపండి. ఈ తీగ బ్యాక్‌స్టేకి తగలకూడదు, ఆనుకుని సమాంతరంగానూ పోకూడదు, కింద కనీసం ఒక అర మీటరు పక్కకి లాగి కట్టండి. అంతే, యాంటెన్నా అయిపోయింది. చాలామంది దీన్నే తాడు లోపల దూర్చి, రెండు చివరలా కుట్టేసి, శాశ్వతంగా వాడుకుంటారు, తాడు యాంటెన్నా అని అమ్ముతారు కూడా. స్టీలు బదులు డైనీమా అనే సింథటిక్ తాడుతో రిగ్గింగ్ చేసిన పడవలకి ఎలాగూ ఇదే దారి, తాడులో కరెంటు పారదు కదా. నన్నడిగితే రిగ్గింగ్ ఇంకా కొత్తగా ఉన్న పడవలో స్టే కోయడం కన్నా ఇదే మంచిది.

ఈ తాత్కాలిక తీగతో ఒక నెల వినండి, మాట్లాడండి. ఎక్కడ తేడా వస్తుందో అప్పుడు తెలుస్తుంది, స్టే మీద వేల డాలర్లు పోయకముందే తెలుస్తుంది.

గ్రౌండ్, అసలు పని ఇక్కడే

ఒక చేత్తో చప్పట్లు మోగవు అంటారు కదా, యాంటెన్నా సంగతీ అంతే. ట్యూనర్ నుంచి తీగలోకి ఎంత కరెంటు ఎక్కుతుందో, అంతే కరెంటు రెండో వైపు నుంచి, అంటే గ్రౌండ్ బోల్టు నుంచి రావాలి. ఆ రెండో వైపు సన్నటి పచ్చ వైరు ఒక్కటే ఉంటే కరెంటు దానికి తోచిన దారి వెతుక్కుంటుంది: రేడియో నుంచి ట్యూనర్‌కి వచ్చే కోయాక్స్ కేబుల్ తొడుగు మీదుగా, బ్యాటరీ వైర్ల మీదుగా, ఆటోపైలట్ మీదుగా, చివరికి మీ పెదవికి ఆనిన మైక్ మీదుగా. నాకు మొదటి సీజన్‌లో మైక్ ముట్టుకుంటే చిటుక్కుమనేది, మాట మాత్రం ఎవరికీ సరిగా అందేది కాదు. ఆ రెండూ ఒకే జబ్బు లక్షణాలని తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఉప్పునీరు ఈ భూమి మీద దొరికే గొప్ప గ్రౌండ్‌లలో ఒకటి, ఇంట్లో కూర్చున్న హామ్‌లు తోట నిండా తీగలు పాతినా రానిది మనకి పడవ చుట్టూ ఉచితంగా ఉంది. దాన్ని అందుకోవడమే మన పని. సుమారు 75 మిల్లీమీటర్ల వెడల్పు రాగి రేకు తీసుకోండి, గుండ్రటి వైరు కాదు, రేకే, ఎందుకంటే ఈ ఫ్రీక్వెన్సీల్లో కరెంటు లోహం పైపొర మీదే పారుతుంది, వెడల్పాటి రేకు దానికి విశాలమైన రోడ్డు. ట్యూనర్ గ్రౌండ్ బోల్టు నుంచి ఆ రేకుని అతి దగ్గరలో ఉన్న, నీటిని తాకే కంచు సామానుకి తీసుకెళ్లండి. పడవ వెనక భాగంలో సాధారణంగా సీకాక్ అనే కంచు కవాటం ఒకటి ఉంటుంది, అదే చాలాసార్లు సరిపోతుంది. రేకు పొడవు ఒకటి రెండు మీటర్లు దాటకుండా చూసుకోండి. పడవ మధ్యలో ఉన్న కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) బోల్టు పెద్దదే కావచ్చు, కానీ అక్కడిదాకా ఆరేడు మీటర్ల రేకు పోవాలంటే దగ్గర్లో ఉన్న చిన్న సీకాకే మేలు, తర్వాత వీలైతే కీల్‌నీ కలపండి. వెనక ఉన్న స్టీలు రెయిలింగ్, డెక్ అంచున ఉండే అల్యూమినియం టో-రెయిల్ కూడా మంచి కౌంటర్‌పాయిజ్‌లే, అంటే యాంటెన్నాకి రెండో వైపుగా పనిచేస్తాయి, అవి నీటిని తాకకపోయినా.

ఇక పడవ అడుగు లోపలివైపు పరిచిన రేకు నీటిని తాకకుండానే ఫైబర్‌గ్లాస్ గుండా కెపాసిటర్ లాగా సముద్రానికి కలుస్తుంది. పాత గైడ్లలో వంద చదరపు అడుగుల రాగి పరచమని చెప్పేవారు. అంత రాగి పరిచిన పడవలు నేను చూశాను, బాగా పనిచేస్తాయి, కానీ చిన్న పడవలో అంత జాగా ఎక్కడుంటుంది. జాగా లేనివాళ్లకి ఇంకో దారి, ఒక్కో బ్యాండ్‌కి పావు తరంగం పొడవున తొడుగు వైర్లు కోసి, ట్యూనర్ గ్రౌండ్‌కి ఒక చివర కలిపి, రెండో చివర గాలిలో వదిలి పడవ పక్క గోడల వెంట పరచడం. 8.3 మెగాహెర్ట్జ్‌కి 8.6 మీటర్లు, 12.3కి 5.8 మీటర్లు, 16.5కి 4.3 మీటర్లు. ఈ వైర్ల కొసల్లో వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి కొసల్ని టేపుతో బాగా చుట్టి, పరుపుల కిందికి రాకుండా చూడండి.

రాగి రేకుతో ఒక ప్రమాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. రేకు రెండు రకాల లోహాల్ని కలిపేస్తుంది కాబట్టి ఉప్పునీటిలో బ్యాటరీ లాగా తయారై, కంచు సీకాక్‌నో ప్రొపెల్లర్‌నో తినేయొచ్చు. దీనికి మందు చవక. రేకుని ఒకచోట అడ్డంగా కోసి, రెండు మిల్లీమీటర్ల సందు వదిలి, ఆ సందు మీద 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు మూడు నాలుగు టంకం వేయండి. డీసీ ఆగిపోతుంది, రేడియో కరెంటు మాత్రం ఆ సందే లేనట్టు దాటిపోతుంది. పైన ఎపాక్సీ పూసేస్తే మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు. స్టీలు పడవ ఉన్నవాళ్లకి ఈ సెక్షన్ మొత్తం ఒకే వాక్యం, ట్యూనర్‌ని పడవ గోడకే బోల్టు వేయండి. అల్యూమినియం పడవకి మాత్రం రాగి నేరుగా తగలనివ్వకండి.

నేను ఆ రేకు వేసి సీకాక్‌కి కలిపిన సాయంత్రం, అదే పాత తీగతో, అదే రేడియోతో, ఫ్లోరిడా దగ్గర ఉన్న ఒక పడవకి మాట స్పష్టంగా అందింది. పైన ఏమీ మార్చలేదు.

ట్యూనర్ ఎక్కడ, తీగ ఎలా

ట్యూనర్ రేడియో పక్కన కాదు, బ్యాక్‌స్టే కిందే ఉండాలి, అంటే పడవ వెనక సామాన్ల అరలో, లాజరెట్‌లో, నీళ్లు చేరని ఎత్తులో. యాంటెన్నా ట్యూనర్ టెర్మినల్ దగ్గరే మొదలవుతుంది. రేడియో నుంచి ట్యూనర్ దాకా కోయాక్స్ ఎంత పొడవైనా పర్వాలేదు, ట్యూనర్ నుంచి స్టే దాకా మాత్రం కోయాక్స్ వాడొద్దు, దాని తొడుగు శక్తిని మింగేస్తుంది. అక్కడ వాడేది జీటీఓ-15 అనే తీగ, నియాన్ బోర్డులకి వాడేది, 15 వేల వోల్టులు తట్టుకుంటుంది. డెక్ మీది రంధ్రం దగ్గర నీళ్లు దిగకుండా మంచి గ్లాండ్ వేయండి. డెక్ కింద ఈ తీగని ఇతర వైర్లతో కలిపి కట్టకండి.

బయటికి వచ్చాక స్టే కింది భాగం పక్కనే ఇది పైకి ఎక్కాలి. కింది ఇన్సులేటర్‌ని డెక్ మీద నిలబడ్డ మనిషి చెయ్యి అందని ఎత్తులో, రెండుంపావు మీటర్ల దగ్గర, వేస్తాం కదా, దాని కిందున్న స్టే ముక్క గ్రౌండ్ అయిన లోహం. జీటీఓ తీగని దానికి అతుక్కుపోయేట్టు కట్టేస్తే శక్తి అందులోకి జారిపోతుంది. ప్లాస్టిక్ ముక్కలతో ఐదారు సెంటీమీటర్లు ఎడంగా నిలబెట్టండి. పైన స్టేకి కలిపేచోట కంచు బిగింపు వేసి, దాని మీద తనంతట తానే అతుక్కునే రబ్బరు టేపు మూడు పొరలు చుట్టండి. నా పడవలో రెండో సీజన్ చివర్లో సిగ్నల్ మెల్లమెల్లగా పడిపోయింది, ఎంత వెతికినా తెలియలేదు, చివరికి ఆ బిగింపు విప్పి చూస్తే లోపలి రాగి నల్లగా మారి, ఉప్పు తొడుగు లోపల ఒక అడుగు దాకా పాకింది. అప్పటి నుంచి ప్రతి వసంతంలో పడవ నీళ్లలోకి దించేముందు దాన్ని విప్పి, పాడైన ముక్క కోసి, మళ్లీ కడుతున్నాను. అందుకే జీటీఓ ఒక అర మీటరు ఎక్కువ వదులుకోండి.

ఇప్పుడు స్టే కోత

ఇది రిగ్గర్ పని. 8 మిల్లీమీటర్ల స్టే తెగాలంటే 5 టన్నులకు పైనే లాగాలి, అది మీ మాస్టుని నిలబెడుతోంది. రెండు ఇన్సులేటర్లు వేయడమంటే నాలుగు కొత్త అతుకులు, ఏ ఒక్కటి జారినా మాస్టు ముందుకి కూలుతుంది. ఇన్సులేటర్ కొనేటప్పుడు ఒకే ప్రశ్న అడగండి: ప్లాస్టిక్ భాగం పగిలినా రెండు లోహపు కొసలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని నిలబడతాయా లేదా. నిలబడేదే కొనండి, ధర చూడకండి. పై ఇన్సులేటర్ మాస్టు కొసకి ఒక అర మీటరు కిందుగా ఉంటే చాలు. బ్యాక్‌స్టే కింద రెండుగా చీలే పడవల్లో కింది ఇన్సులేటర్ ఆ చీలికకి పైన రావాలి. రిగ్గింగ్ వయసు 10, 15 ఏళ్లు వచ్చి ఎలాగూ మార్చే సమయం వచ్చినప్పుడు ఈ పని కలిపి చేయించుకుంటే కూలి ఒకేసారి పోతుంది, నేను అదే చేశాను, అప్పటిదాకా తాడు మీదే నడిపాను.

ప్రసారం చేస్తున్నప్పుడు స్టే మీద వేల వోల్టులుంటాయి. పట్టుకుంటే షాక్ కొట్టినట్టుండదు, చర్మం లోపలికి కాలుతుంది, ఆ పుండు మానడానికి వారాలు పడుతుంది. అలల్లో తూలినవాడు ముందు పట్టుకునేది బ్యాక్‌స్టేనే కాబట్టి ఇన్సులేటర్ పైన ఒక మీటరు దాకా కూడా రబ్బరు గొట్టం తొడగండి, పడవ ఎక్కిన ప్రతి ఒక్కరికీ చెప్పండి, మైక్ నొక్కేముందు "రేడియో" అని గట్టిగా కేక వేయడం మా పడవలో నియమం.

కరెంటు, అల్లరి

150 వాట్ల రేడియో మాట గట్టిగా అన్నప్పుడు 12 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లు లాగుతుంది. వైరు సన్నగా ఉంటే వోల్టేజీ పడిపోయి మాట వణుకుతుంది, అవతలివాళ్లు మీరు నీళ్లలోంచి మాట్లాడుతున్నారంటారు. బ్యాటరీ నుంచి నేరుగా, దగ్గర్లో ఫ్యూజ్ వేసి, ఆరు మీటర్ల దూరానికి 16 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగితే నష్టం 0.4 వోల్టులకు మించదు.

ఒక రాత్రి నార్త్ కరోలినా తీరంలో హాటరస్ దాటుతుండగా నేను 12 మెగాహెర్ట్జ్ మీద మైక్ నొక్కగానే ఆటోపైలట్ చుక్కానిని ఒక పక్కకి పూర్తిగా తిప్పేసింది, పడవ తిరిగిపోయి బూమ్ (తెరచాప కింది అడ్డ దూలం) అటు నుంచి ఇటు వచ్చి పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, అది అదృష్టం. ఆటోపైలట్ కంపాస్ వైరు ట్యూనర్ పక్క నుంచే పోతోందని అప్పటిదాకా గమనించలేదు. ఆ వైరుని దూరంగా జరిపి, రేడియో కరెంటుని అడ్డుకునే 31 రకం ఫెర్రైట్ రింగుల్లోంచి నాలుగైదు చుట్లు తిప్పాక మళ్లీ అలా జరగలేదు. కోయాక్స్‌కీ, ట్యూనర్ కంట్రోల్ కేబుల్‌కీ రెండు చివర్లా అదే ఫెర్రైట్ వేయండి. రేవులో కట్టి ఉన్నప్పుడే, ఆటోపైలట్ ఆన్ చేసి, ప్రతి బ్యాండ్‌లో ఒక్కో క్షణం నొక్కి చూడండి, చుక్కాని కదిలితే అక్కడే తెలిసిపోతుంది.

వినేటప్పుడు అల్లరి వేరే. సోలార్ కంట్రోలర్, ఫ్రిజ్, ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టర్, వీటిని ఒక్కొక్కటిగా ఆపుతూ చెవిపెట్టి వినండి. ఏది ఆపితే గరగర తగ్గిందో దానికి ఫెర్రైట్ వేయండి, లేదంటే రేడియో వినేటప్పుడు దాన్ని ఆపేసుకోండి.

సరిగా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది

వినడానికి ప్రసారం అక్కర్లేదు. అమెరికా తూర్పు తీరంలో ఉంటే బోస్టన్ వాతావరణ ఫ్యాక్స్ 4235, 6340.5, 9110, 12750 కిలోహెర్ట్జ్‌ల మీద వస్తుంది. రేడియోలో అంతకంటే 1.9 కిలోహెర్ట్జ్ తక్కువ పెట్టి, అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో, ఫోన్ యాప్‌ని స్పీకర్ దగ్గర పెడితే పటం గీసుకుంటూ వస్తుంది. డబ్ల్యూడబ్ల్యూవీ టైమ్ సిగ్నల్ 5, 10, 15 మెగాహెర్ట్జ్‌ల మీద రోజంతా వస్తుంది, తాడు యాంటెన్నాకీ స్టేకీ తేడా పోల్చుకోవడానికి అది బాగుంటుంది. ప్రసారం పరీక్షించాలంటే ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచిన రిసీవర్లు చాలా దేశాల్లో ఉన్నాయి, ఒకదాన్ని ఫోన్‌లో తెరిచి మీ గొంతు మీరే వినండి. ఆపద ఫ్రీక్వెన్సీల మీద మాత్రం ఎప్పుడూ పరీక్ష చేయకండి.

ఆపద గురించి ఒక మాట. అమెరికా కోస్ట్‌గార్డ్ 2182 కిలోహెర్ట్జ్ మీద కాపలా వినడం 2013 ఆగస్టు 1న ఆపేసింది, 2022 ఫిబ్రవరిలో అలాస్కా, గ్వామ్ మినహా మిగతా చోట్ల 4125, 6215, 8291, 12290ల మీద గొంతు వినడం కూడా ఆపింది. డీఎస్‌సీ, అంటే గొంతుతో కాకుండా డిజిటల్‌గా పంపే ఆపద పిలుపు, మాత్రం వింటోంది. కాబట్టి పాత హామ్ సెట్ ఒకటి పెట్టుకుని మేడే అని అరిస్తే చాలనుకోవద్దు, డీఎస్‌సీ ఉన్న మెరైన్ సెట్, దానిలో మీ పడవని గుర్తించే ఎంఎంఎస్ఐ నంబరు ఉండాలి. కొన్ని సెట్లలో డీఎస్‌సీ వినే రిసీవర్‌కి వేరే యాంటెన్నా కావాలి, దానికి ఆ తాత్కాలిక తీగ చక్కగా పనికొస్తుంది.

లైసెన్స్ లేకుండా ప్రసారం చేయకండి. అమెరికాలో పడవకి షిప్ స్టేషన్ లైసెన్స్, మీకు ఆపరేటర్ పర్మిట్ అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇస్తుంది. ఇండియాలో ఈ అనుమతులు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ చేతిలో ఉంటాయి. హామ్ పరీక్ష రాయాలనుకునేవాళ్లకి మన హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. విశాఖలోనో గోవాలోనో పడవ నడిపేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి, అనుమతి లేని శాటిలైట్ ఫోన్ ఇండియా నీళ్లలో నేరం, కాబట్టి అక్కడ లైసెన్స్ ఉన్న హెచ్‌ఎఫ్ విలువ ఇంకా పెరుగుతుంది. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ప్రపంచం చుట్టి వచ్చిన ఆరుగురు నేవీ ఆఫీసర్లలో విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తెలుగు ఇళ్లలోంచి ఇంకా చాలామంది ఆ దారిన వెళ్తారని నా ఆశ.

మాస్టు పడిపోతే

బ్యాక్‌స్టే యాంటెన్నాకి ఉన్న పెద్ద బలహీనత ఇదే, మాస్టు పోతే అదీ పోతుంది, మాస్టు కొసన ఉన్న వీహెచ్‌ఎఫ్ కూడా పోతుంది, సరిగ్గా మీకు సాయం కావలసిన క్షణంలోనే. 2018 సెప్టెంబరు 21న ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో, దక్షిణ హిందూ మహాసముద్రంలో భారత నావికుడు అభిలాష్ టోమీ పడవ తురీయ మాస్టు విరిగింది, వెన్నుకి దెబ్బ తగిలి కదల్లేని స్థితిలో ఆయన చిన్న టెక్స్ట్ యూనిట్ మీద సందేశాలు పంపారు, మూడు రోజుల తర్వాత ఫ్రెంచ్ నౌక ఒసిరిస్ ఆయన్ని కాపాడింది. అందుకని రెండు తీగలు సిద్ధంగా ఉంచుకోండి.

ఒకటి, మొదట చేసిన ఆ తాత్కాలిక హెచ్‌ఎఫ్ తీగ. దాన్ని పారేయకుండా చుట్ట చుట్టి ఉంచండి, బూమ్‌నో, స్పినేకర్ పోల్ అనే తెరచాప కర్రనో నిలబెట్టి దానికి కడితే 8, 12 మెగాహెర్ట్జ్‌ల మీద పనిచేస్తుంది. రెండోది వీహెచ్‌ఎఫ్ కోసం: మూడు మీటర్ల కోయాక్స్ ముక్కకి ఒక చివర మామూలు కనెక్టర్ వేయండి, రెండో చివర బయటి నల్ల తొడుగు 46 సెంటీమీటర్లు ఒలిచి, లోపల జల్లెడలా అల్లిన రాగి పొరని వెనక్కి మడిచి కేబుల్ మీదికి తొడిగేయండి. మధ్య తీగ 46 సెంటీమీటర్లు పైకి, జల్లెడ 46 సెంటీమీటర్లు కిందికి వచ్చిందంటే వీహెచ్‌ఎఫ్‌లో ఆపద పిలుపులకి వాడే 16వ చానల్‌కి సరిపోయే యాంటెన్నా సిద్ధం. పై కొసన చిన్న తాడు ఉచ్చు కట్టండి, వేలాడదీయడానికి. రెండింటినీ ఒక ఎర్ర సంచిలో వేసి, అందులో ఒక చిన్న శ్రావణం, టేపు చుట్ట కూడా పెట్టి, ట్యూనర్ యాంటెన్నా టెర్మినల్ ఏదో, గ్రౌండ్ ఏదో చీకట్లో టార్చ్ వెలుగులో కూడా అర్థమయ్యేలా బొమ్మ గీసిన కాగితం ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి. మా సంచి మెట్ల పక్కన కొక్కేనికి వేలాడుతుంటుంది. ప్రతి ప్రయాణానికి ముందు నేను కాకుండా క్రూలో ఇంకొకరి చేత ఆ కాగితం చూసి ఒకసారి తీగ కలిపించి, రేడియో చెక్ చేయిస్తాను.